రదోయ్కా ఇంటి కుండ చిక్కుళ్లు

నెగోతిన్,
3 సెప్టెంబర్ 1969

విదా అక్కా,

ఉత్తరం రాయలేదని ఈపాటికి నాలుగు తిట్టే ఉంటావు. తిట్టు, పడతాను. ప్లమ్ పళ్ల కాలం కదా, ఈ చుట్టుపక్కల సహకార సంఘాల కాటాల తనిఖీ అంతా నా నెత్తినే పడింది. ఒక్క కాటా సరిగ్గా తూగితే ఒట్టు. నేను పనిముట్ల సంచీ దించగానే రైతులు నవ్వు మొహాలు పెడతారు, గోదాము మేనేజర్లు మొహం చాటేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఇదే తంతు.

తిండికి మాత్రం లోటు లేదు. క్లాదొవోలో పడవలకి తారు పూసే ముసలాయన ఒకడు, దాన్యూబ్ ఒడ్డునే మూడు రాళ్ల మీద గుండిగ పెట్టి చేపల పులుసు కాచాడు. గరిటె పెట్టనివ్వడు. గుండిగ చెవులు పట్టుకుని ఊపుతాడంతే. కలిపితే చేప విరుగుతుందట. బ్రెడ్డు ముంచుకుని మూడు గిన్నెలు లాగించాను.

అసలు సంగతి అది కాదు. ఇక్కడ నెగోతిన్‌లో రదోయ్కా అని ఒకావిడ ఇంట్లో గది తీసుకున్నాను. భర్త పోయాడు, పోస్టాఫీసులో టెలిఫోన్లు కలిపే ఉద్యోగం. మొన్న ఆదివారం ఆ ఇంట్లో కుండ చిక్కుళ్లు తిన్నాను. అవే తెల్ల చిక్కుడు గింజలు, అదే ఉల్లిపాయ, అదే ఎర్రకారం, అదే మట్టికుండ. కానీ అక్కా, గింజకి గింజ అంటుకోలేదు, నోట్లో పెట్టుకుంటే మాత్రం వెన్న. పైన సన్నటి పొర కట్టింది, కింద ఉల్లిపాయ తియ్యగా కరిగిపోయింది. ఇన్ని ఊళ్లు తిరిగాను కదా, ఇంత బాగా కుదిరిన కుండ ఎక్కడా తినలేదు.

మోకాలికి ఆ మందు రాస్తున్నావా లేదా?

నీ తిహా


లిపోవత్స్,
12 సెప్టెంబర్

తమ్ముడు తిహోమీర్‌కి,

మోకాలి సంగతి తర్వాత. ఎక్కడా తినలేదని రాశావే, ఆ లెక్కలో మన ఇల్లు కూడా ఉందా?

అమ్మ పోయేనాటికి నీకు తొమ్మిదేళ్లు. అప్పట్నుంచీ ఈ చేతి కూడే కదరా తిన్నావు. ప్రతి శుక్రవారం కుండ చిక్కుళ్లు చేసి పెట్టాను. ఒక్కనాడు బాగుంది అన్న పాపాన పోలేదు నువ్వు. రెండోసారి పెట్టించుకుంటే అదే మెప్పనుకున్నాను, పిచ్చిదాన్ని. ఇప్పుడెవరో టెలిఫోనావిడ చేసి పెడితే వెన్నట, పొరట! పక్కింటి కోసరాకి నీ ఉత్తరం చదివి వినిపిద్దామని కూర్చుని, ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేశాను. తర్వాతేం రాశాడని అడిగింది. అక్కడ వానలు పడుతున్నాయట అని చెప్పాను.

ఈ వారం ఎర్ర మిరపకాయలు కాల్చి పచ్చడి పట్టాను. ముప్ఫై రెండు సీసాలయ్యాయి. కళ్లు ఇంకా మండుతున్నాయి. అందులో ఆరు సీసాలు నీకని పక్కన పెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఆవిడ వయసెంత? ఎలా ఉంటుంది? చిక్కుళ్లలో ఏమేం వేస్తుందో కనుక్కుని రాయి. నేను వండుకోవడానికి కాదు, తప్పెక్కడుందో చూడటానికి.

మోకాలు నొప్పిగానే ఉంది. అడిగినందుకు సంతోషం.

విదోసవ


నెగోతిన్,
28 సెప్టెంబర్

అక్కా,

చిక్కుడు గింజల మీద ఇంత రాద్ధాంతమా? సరే, అడిగావు కాబట్టి రాస్తున్నాను.

గింజలు కిలో అయితే ఉల్లిపాయ కూడా కిలో. కంటితో చూసి వేస్తే కుదరదు, తూచాలి. గింజలు ముందురోజే నానబెట్టాలి. మొదటి నీళ్లు పొంగగానే పారబోసి, రెండో నీళ్లలో ఉడికించాలి. ఉల్లిపాయ సన్న సెగ మీద గంటా పది నిమిషాలు. నలభై నిమిషాలకి విసుగొస్తుంది, సెగ పెంచేద్దామని చెయ్యి లాగుతుంది. పెంచకూడదు. ఎర్రకారం పొయ్యి మీంచి దించాకే వెయ్యాలి, లేకపోతే చేదెక్కుతుంది. కుండలో ఒక వరస గింజలు, ఒక వరస ఉల్లిపాయ. పైవరస గింజలే ఉండాలి. ఓవెన్‌లో పెట్టిన గంటకి తీసి, గోరువెచ్చటి నీళ్లు అర గ్లాసు అంచు వెంబడి పోసి మళ్లీ పెట్టాలి.

రదోయ్కాకి యాభై ఉండవు. నవ్వు మొహం. ఇంకేం చెప్పను?

నవంబర్ ఎనిమిదిన, మిత్రోవ్‌దన్ నాడు, ఈ ఇంటి స్లావా. ఇంటి సెయింట్ పండగ కదా, నలభై మందికి తక్కువ రారట. ఉల్లిపాయలు ఇప్పట్నుంచే చూసుకోవాలి, ఇక్కడి బజార్లో అన్నీ మొలకలొచ్చినవే. అందుకని ఆ నెలలో ఇంటికి రావడం కుదరకపోవచ్చు.

పచ్చడి సీసాల విషయంలో తొందరపడకు.

తిహా


లిపోవత్స్,
9 అక్టోబర్

తిహోమీర్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అంత తెలివితక్కువదాన్నేమీ కాదు.

భోజనానికొచ్చినవాడికి పళ్లెం వరకే తెలుస్తుంది. ఉల్లిపాయ ఎప్పుడు పొయ్యెక్కిందో, నలభై నిమిషాలకి ఎవరికి విసుగొచ్చిందో, గంటకి తీసి అంచు వెంబడి ఎన్ని నీళ్లు పోశారో వాడికెలా తెలుస్తుందిరా? పొద్దుటి నుంచీ ఆ వంటింట్లోనే ఆవిడ పక్కన కూర్చుంటే తెలుస్తుంది. పైగా వాళ్లింటి స్లావాకి నీకు ఉల్లిపాయల బెంగ! ఆ బెంగ ఇంటాయన పడతాడు, గది అద్దెకి తీసుకున్నవాడు పడడు.

నీ లెక్క ప్రకారమే వండి చూశాను, గ్రాము తేడా లేకుండా. కోసరాకి ఒక గిన్నె పంపితే ఖాళీ గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది. "ఏమిటే విదా, ఇవాళ ఇంత బాగా కుదిరింది!" అంది. ఇవాళ అట! నాకు ఒళ్లు మండిపోయి గిన్నె లాక్కుని తలుపేసుకున్నాను. వారం రోజులుగా ఆవిడతో మాటల్లేవు.

ఒక్కటి సూటిగా అడుగుతాను. నువ్వక్కడే ఉండిపోతున్నావా? నాకు తెలియాలి. మన స్లావా నాన్న నుంచి నీకొచ్చింది. ఆడదాన్ని, నా పేరున స్లావా లేదు. నువ్వెక్కడ కాపురం పెడితే మన సెయింట్ నికోలా పటం అక్కడికే పోతుంది, డిసెంబర్ పందొమ్మిదిన కొవ్వొత్తి అక్కడే వెలుగుతుంది. నాకిక్కడ మేకు మిగులుతుంది. నలభై ఏళ్లు ఆ పండక్కి నేను వండాను. ఇకమీదట ఆవిడ వండుతుందా?

వస్తున్నావా లేదా, అంతే రాయి. వేరే ఊళ్లో తిన్న తిండి గురించి ఒక్క ముక్క కూడా రాయకు.

అక్క


బోర్,
21 అక్టోబర్

అక్కా,

నువ్వనుకుంటున్నది కాదు. నిజంగా కాదు. అసలేమిటో ఉత్తరంలో రాయడానికి చెయ్యి రావడం లేదు. రదోయ్కా కూడా ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది.

డిసెంబర్‌కి వస్తాననే అనుకుంటున్నాను. బోర్ గనుల దగ్గర పెద్ద కాటా ఒకటి మొరాయించింది, అందుకే ఈ వారం ఇక్కడ. ఇక్కడి క్యాంటీన్‌లో ఆకుకూర కూరిన రొట్టె ఒకటి పెట్టారు... వద్దన్నావు కదా, రాయను.

దయచేసి కోసరాతో మాట్లాడు. ఆవిడేం చేసింది పాపం?

తిహా


లిపోవత్స్,
11 నవంబర్

తమ్ముడూ,

కూర్చుని చదువు. నేను నెగోతిన్ వచ్చాను.

ఆవిడ మాట తీసుకుందని రాశావు చూడు, ఆ ముక్క చదివాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. స్లావాకి పిలుపులుండవు, వచ్చినవాళ్లని ఎందుకొచ్చావని అడిగే ఆచారం ఏ ఇంట్లోనూ లేదు. ఆ ధైర్యంతోనే బయల్దేరాను. రెండు బస్సులు, ఒక రైలు, మోకాలికి గుడ్డ చుట్టుకుని. కోసరాతో మళ్లీ మాట్లాడాల్సొచ్చింది, కోళ్లకి గింజలెయ్యాలి కదా.

వాకిట్లో అడుగు పెట్టగానే నీ బూడిదరంగు కోటు కనపడింది. మూడో గుండీ నల్లదారంతో కుట్టింది నేనే. ఆ ఇంటి మేకుకి సొంత ఇంట్లోలాగ వేలాడుతోంది. కింద నీ చెప్పులు. ఇక అడగాల్సిందేముంది? నువ్వు మాత్రం కనపడలేదు. నన్ను చూసి ఎక్కడో దాక్కున్నావనుకున్నాను.

రదోయ్కాని చూశాను. నవ్వు మొహమన్నావు, నిజమే. నేనెవరో తెలియకుండానే చెయ్యి పట్టుకుని కిటికీ పక్క మంచి చోట కూర్చోబెట్టింది. లోపాలు వెతుకుదామని వచ్చాను కదా, మొదటి లోపం అక్కడే దొరుకుతుందనుకున్నాను, దొరకలేదు. పంది మాంసం వచ్చింది, బాగుంది, మనమూ చేస్తాం. తర్వాత కుండ తెచ్చింది.

మొదటి చెంచా శత్రువులాగ తిన్నాను. రెండోది మామూలుగా తిన్నాను. తర్వాత లెక్కపెట్టలేదు. మూడుసార్లు పెట్టించుకున్నాను తిహా, సిగ్గు విడిచి. అమ్మ కుండ గుర్తొచ్చిందని రాస్తే బాగుండేది, కానీ అబద్ధమెందుకు, అమ్మ కూడా ఇలా చెయ్యలేదు. ఏడుపొచ్చేసింది. పక్కనున్న పెద్దాయన కారం ఎక్కువైందేమోనని బ్రెడ్డు అందించాడు. ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను. రైల్లో దారంతా ఒకటే అనుకున్నాను. వంట చెడ్డగా ఉంటే ఎంత హాయిగా ఉండేది నాకు!

నేను ఓడిపోయాను. మంచి చెయ్యి, మంచి మనిషి. చేసుకో. పటం గోడ మీంచి దించి తెల్లగుడ్డలో చుట్టాను. నీకు వీలైనప్పుడు వచ్చి పట్టుకెళ్లు. నేను తీసుకురాలేను, అంత గుండె లేదు.

విదోసవ


నెగోతిన్,
16 నవంబర్

అక్కా, అక్కా,

పటం మళ్లీ గోడకి తగిలించు. ముందు ఆ పని చేసి అప్పుడు చదువు.

ఆ కుండ నేను వండాను.

దాక్కోలేదు. పెరట్లో వేరే వంటిల్లుంది, పొద్దున్న నాలుగు నుంచీ అందులోనే ఉన్నాను, నడుముకి తువ్వాలు కట్టుకుని. రదోయ్కా మధ్యలో వచ్చి "నల్లకోటు వేసుకున్న ఒకావిడ మూడుసార్లు పెట్టించుకుని, ఏడ్చి, చెప్పకుండా వెళ్లిపోయింది, ఏమైనా తేడా చేసిందా?" అని అడిగింది. నేను గబగబా కుండ రుచి చూశాను. బాగానే ఉందన్నాను. అది నువ్వని తెలిస్తే తువ్వాలుతోనే స్టేషన్‌కి పరిగెత్తేవాణ్ణి కాదూ!

రదోయ్కాకి వంట రాదు. అసలు రాదు. నేను దిగిన మొదటి రోజు పెట్టిన సూపు ఇంటి కుక్క కూడా ముట్టలేదు. మర్నాడు నేను వండుతానన్నాను, ఆవిడ అడ్డు చెప్పలేదు. పక్కిళ్లవాళ్లు వాసన పట్టుకుని రదోయ్కాకి చెయ్యి తిరిగిందని మొదలుపెట్టారు. ఆ మెప్పు ఆవిడకి తియ్యగా ఉంది, అందుకే చెప్పొద్దంది. పెళ్లి గిళ్లి ఏమీ లేదు. ఆవిడ మనసులో పోయినాయన ఇంకా ఉన్నాడు, నా మనసులో ఉల్లిపాయలున్నాయి.

పన్నెండేళ్లప్పుడు నీ కుండ మూత తీశానని గరిటెతో చేతి మీద వేశావు, గుర్తుందా? మళ్లీ మన వంటింటి గడప తొక్కలేదు. కానీ ఉద్యోగంలో పడ్డాక ఏ ఊళ్లో మంచి ముద్ద తిన్నా ఆ వంటింటి గుమ్మంలో నిలబడేవాణ్ణి. కాటాలు చూసేవాడు కదా అని ఎవరూ తరిమేవాళ్లు కాదు. అద్దె గదుల్లో చిన్న స్పిరిట్ స్టవ్ మీద అన్నీ మళ్లీ వండి చూసేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా ఇదే నా సరదా. మన ఊళ్లో తెలిస్తే మగాళ్లు నన్ను బతకనివ్వరు. అదొక్కటే కాదు, నీకు తెలిస్తే ఏమంటావోనని ఎక్కువ భయం.

మరి ఎందుకు రాశావంటావా? ఇరవై ఊళ్లవాళ్లు మెచ్చుకున్నా నీ నోటంట ఒక్కసారి వినాలని ఉండేది. ఆవిడ వండిందని రాస్తే, చదివి "బాగుండే ఉంటుందిలే" అంటావేమో, దాన్నే నాదనుకుని సర్దుకుందామనుకున్నాను. నువ్వేమో ఒళ్లంతా కారం పూసుకుని రెండు బస్సులూ ఒక రైలూ ఎక్కి వచ్చావు.

మూడుసార్లు పెట్టించుకున్నావు కదూ?

నీ తిహా


లిపోవత్స్,
24 నవంబర్

అబద్ధాలకోరుకి,

పెట్టించుకున్నాను. మళ్లీ మళ్లీ అడగకు.

టెలిఫోనావిడ మీద కుళ్లుకున్నన్నాళ్లూ కనీసం ఆవిణ్ణి తిట్టుకునే వీలుండేది. ఇప్పుడెవర్ని తిట్టుకోను? నీ మీద కుళ్లు ఆవిడ మీద కుళ్లుకి రెండింతలుంది. నేను పెంచినవాడు, నేను గోరుముద్దలు పెట్టినవాడు, నాకంటే బాగా వండుతాడా? మూడు రోజులు నీ ఉత్తరం పిండి డబ్బాలో దాచాను, కళ్లెదురుగా ఉంటే చింపేస్తానని.

నిన్ను వంటింట్లోకి రానివ్వలేదన్నావు. నిజమే. ఎందుకో ఇవాళ చెప్తున్నాను, మళ్లీ చెప్పను. ఈ ఇల్లు నీది. పొలం నీది. ఇంటి పేరు, స్లావా, పటం, అన్నీ నీవి. వంటిల్లొక్కటే నాది. అందులో నువ్వు అడుగు పెట్టి నాకంటే బాగా చేస్తే, ఇక ఈ ఇంట్లో నేనెందుకని? పన్నెండేళ్ల పిల్లాడి చేతి మీద గరిటెతో వేసినప్పుడు కూడా నా భయం అదే.

పటం తగిలించాను. డిసెంబర్ పదిహేడున రా. ఉపవాసపు పండగ, మాంసం ఉండదు కాబట్టి కుండ చిక్కుళ్లే పెద్ద వంటకం. అది నువ్వు వండు. కానీ తలుపేసుకుని వండు. ఊళ్లో ఒక్క ప్రాణికి తెలియకూడదు. వడ్డించేది నేను. ఇష్టమైతే రా.

విదోసవ


లిపోవత్స్,
29 డిసెంబర్

తిహా,

నువ్వు వెళ్లి ఎనిమిది రోజులైంది. మంచు కిటికీ దాకా వచ్చింది. మోకాలు బాగా వాచింది, ఎందుకో కింద రాస్తున్నాను.

పండగనాడు నువ్వు చూశావు, నేనూ చూశాను. కుండ గీకి గీకి తిన్నారు. "విదోసవ చెయ్యి పెద్దయ్యేకొద్దీ తిరుగుతోంది" అన్నాడు ఫాదర్ గారు. కోసరా కూడా అవునంటూ పొగిడింది. నేను తల ఊపాను. నువ్వు వైన్ పోస్తూ నా వైపు చూశావు. నేను చూడనట్టు బ్రెడ్డు కోశాను. నీ ముందే నీది ఎత్తుకుపోయాను, నువ్వు నవ్వుతూ అందరి గ్లాసులూ నింపావు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా కడుపుమంట.

నువ్వు బస్సెక్కాక ఇంట్లో కూర్చోలేకపోయాను. తిన్నది అరగలేదు, మెప్పూ అరగలేదు. నాలుగో రోజు కర్ర పట్టుకుని బయల్దేరాను. పండక్కొచ్చిన పదకొండు ఇళ్లకీ వెళ్లాను, మంచులో. ప్రతి గుమ్మంలో ఒకటే మాట చెప్పాను: మీరు తిన్నది మా తమ్ముడు వండాడు, నేను కాదు. కొందరు ముక్కున వేలేసుకున్నారు. వాళ్లలో బ్లాగోయె అయితే పకపకా నవ్వి, కాటాలు చూసేవాడు గౌనెందుకు వేసుకోలేదన్నాడు. చివరి చెంచా దాకా తిన్న నోరు ఇదేనా అని అడిగాను. నవ్వు ఆపాడు.

ఆఖరున కోసరా. గుమ్మంలోనే చెప్పేశాను. ఆవిడ ఊలు అల్లుతూ తలెత్తకుండా "తెలుసులేవే" అంది.

"ఎలా తెలుసు?"

"నీ చిక్కుళ్లు ముప్ఫై ఏళ్లు తిన్నాను, నాకు తెలియదా? నీ ఉల్లిపాయ ఎప్పుడూ ఒకవైపు మాడుతుంది. పైగా మేం తింటుంటే నువ్వు పళ్లాలు చూశావు, తిహోమీర్ మా నోళ్లు చూశాడు. వండినవాళ్లే నోళ్లు చూస్తారు."

"మరి నన్నెందుకు పొగిడావు?"

"గరిటె పట్టుకుని మీదకొచ్చినట్టు నిలబడ్డావు. ఇంకేమనమంటావు?"

ముప్ఫై ఏళ్లుగా మాడుతోందట తిహా. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. నువ్వు కూడా చెప్పలేదు. నన్ను చూసి జాలిపడ్డారో, భయపడ్డారో తెలియదు. అక్కడే ఆవిడ బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ టీ ఇచ్చింది. అందులో చక్కెర ఎక్కువైంది, ఆ మాట మొహాన చెప్పాను.

ఇప్పుడొక మాట రాస్తున్నాను. రెండోసారి అడిగితే రాయను. బాగుంది. నీ కుండ బాగుంది. నా కుండకంటే, అమ్మ కుండకంటే బాగుంది.

ఈస్టర్‌కి రా. తలుపేసుకోనక్కర్లేదు. పొయ్యి మీద సగం నీది. నిప్పున్న వైపు మాత్రం నాది, అది చచ్చినా ఇవ్వను.

నీ అక్క